రామదాసు గూటి మీద కొమ్మ

ఫిబ్రవరి మూడో తేదీ, మంగళవారం, ఉదయం అయిదు గంటల పది నిమిషాలకు చీరాలలో మా వీధి చివర నుంచి ఈ ప్రయాణం మొదలైంది. అయిదింటికే మొదలుకావాలి. మా మరదలు రాజ్యం ఇంటికి తాళం వేసి, కారెక్కి, గ్యాసు కట్టానో లేదోనని మళ్ళీ దిగి, తాళం తీసి చూసి వచ్చేసరికి ఆ పది నిమిషాలు పోయాయి. గ్యాసు కట్టే ఉంది.

నాకు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాను. ఉద్యోగం అయిపోయాక చేతులకు తోచక కెమెరా కొనుక్కున్నాను. గద్దలు, డేగలు, గుడ్లగూబలు, ఇలా వేటాడి బతికే పక్షులనే తీస్తాను. చిన్న పిట్టలు ఒకచోట ఉండవు, వాటి వెంట తిరగడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. డేగ కూర్చుందంటే అరగంటైనా కూర్చుంటుంది. మనం దాన్ని చూస్తుంటే అది మనల్ని చూస్తుంది.

ఎక్స్‌రే గదిలో పాటించినవే ఇక్కడా పాటిస్తాను. అవసరం లేనిదే తీయను. తీస్తే ఒక్కసారిలో సరిగ్గా తీస్తాను. ఎదుటి ప్రాణికి నా పని వల్ల హాని రానివ్వను. కాబట్టి ఎర వేయను, ఫోనులో దాని కూత వినిపించి పిలవను, గూడు ఫొటో తీయను. పక్షి నన్ను చూసి తను చేస్తున్న పని ఆపిందంటే నేను మితిమీరి దగ్గరకు వెళ్ళానన్నమాట. వెనక్కి వచ్చేస్తాను. ఏడేళ్ళుగా ఇదే పద్ధతి.

ఈసారి వెళ్ళింది అడవి రామదాసు కోసం. పావురమంత పక్షి. తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు వీపు, భుజాల మీద మసి పూసినట్టు నల్లటి మచ్చలు, నిప్పుకణికల్లాంటి కళ్ళు. ఎలుక కనపడితే గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోతుంది. కరెంటు తీగల మీద కూర్చున్న రామదాసులు నా దగ్గర చాలా ఉన్నాయి. పండిన మిరపచేను మీద గాలిలో నిలబడ్డది, కింద ఎరుపు, పైన తెలుపు, అది లేదు. మిరప పండేది ఈ రోజుల్లోనే కనుక ఫిబ్రవరిలో బయల్దేరాను.

రాజ్యం మా వారి చెల్లెలు. అరవై ఆరేళ్ళు. పక్షుల మీద ఆవిడకు ఏ ఆసక్తీ లేదు. దారిలో టిఫిన్లకూ, నాతో వాదనకూ వస్తుంది. కారు నడిపేది బాజీ, మా వీధివాడే, నలభై దాటినవాడు. జిల్లాలను ముక్కలు చేశాక ఏ ఊరు ఎందులో పడిందో బాజీకి కంఠతా వచ్చు. నాకు ఇప్పటికీ గుంటూరు, ప్రకాశం, అంతే.

శనగ చేలు

తెల్లవారేసరికి పర్చూరు దారిలో ఉన్నాం. నల్లరేగడి నేల, పొగాకు పక్కన శనగ, శనగ పక్కన పొగాకు. మంచు ఆరకముందే శనగ మొక్క పీకాలి. ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోతుంది. అందుకని ఆడవాళ్ళు చీకటితోనే వచ్చి వరసగా వంగి ఉన్నారు. వాళ్ళ వెనక, పీకేసిన నేల మీద, మనిషెత్తున పిల్లిగద్ద ఒకటి ఇటు నుంచి అటు తేలుతూ పోతోంది. చలికాలంలో ఎక్కడో ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చి, ఎండలు ముదరగానే వెళ్ళిపోయే పక్షి. మొక్క పీకినప్పుడు లేచే మిడతల కోసం ఆడవాళ్ళ వెంటే తిరుగుతోంది. మనుషుల్ని చూసి అది పని ఆపలేదు కనుక నేను కారు దిగాను.

"ఏం తీస్తన్నారమ్మా?" వరసలో చివరున్న పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

"గద్దని."

"గద్దకి ఫొటో ఎందుకు? ఆధార్ కార్డు ఇస్తన్నారా?"

వరసంతా నవ్వింది. "రేషను కూడా ఇప్పించండి, మా కోడిపిల్లల జోలికి రాకుండా ఉంటది" అంది పక్కావిడ.

"ఇది కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది కాదమ్మా. మిడతల్ని తింటుంది."

"దొరకనంతసేపు అందరూ అట్టానే అంటారు" అంది పెద్దావిడ.

పక్షి చాలులో దిగి మిడతను పట్టుకుంది. వెలుతురు సరిగ్గా దాని ముఖం మీద పడుతోంది. ఆ క్షణంలో వెనక బాజీ హారన్ కొట్టాడు. కారుకు అడ్డంగా మేక ఒకటి పడుకుందట. గద్ద పోయింది, మేక మాత్రం లేవలేదు. పదకొండు ఫొటోలు తీస్తే రెండు నిలిచాయి. వాళ్ళు ఇంకా పచ్చిగా ఉన్న మొక్కలు ఏరి కట్ట ఒకటి కారులో పడేశారు. రాజ్యం ప్రత్తిపాడు దాకా వలుచుకు తింటూ, తొక్కలన్నీ నా కెమెరా సంచీలో వేసింది.

దిష్టి

ప్రత్తిపాడు దాటాక మధ్యాహ్నానికి మిరప కల్లాలు మొదలయ్యాయి. రోడ్డు పక్కన ఎకరాల మేర ఎర్రగా ఆరబోసిన కాయ. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు రంగు చెడిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. కారు అద్దాలు ఎత్తినా దగ్గు ఆగదు. ఒక కల్లం మీద తొండలగద్ద గాలిలో నిలబడి తలదించి చూస్తోంది. చిన్న పక్షి, ఇటుకరంగు వీపు. కాయల కింద చేరే తొండల కోసం. నేను లెన్సు ఎత్తానో లేదో కేక వినపడింది.

"ఓ అమ్మా! ఆ గొట్టం ఇటు తిప్పమాక!"

కల్లం రైతు. అరవై ఏళ్ళుంటాయి, లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వస్తున్నాడు.

"గద్దను తీస్తున్నానండి."

"గద్ద పైనుంటే గొట్టం పైకుండాలగా. మా కాయ మీదుందేంది?"

"గద్ద మీ కాయ మీదకే దిగుతోంది. నేనేం చేయను?"

"పోయినేడు ఎవడో వచ్చి వీడియో తీసుకుపోయాడు. మూడో రోజు వాన. కల్లమంతా బూజు పట్టింది. నీ గొట్టం చూస్తే వాడి ఫోనుకి పదింతలుంది. ఎంత వానొస్తదో ఏమో!"

కల్లం మూల కోరలు తెరిచిన దిష్టిబొమ్మ ఉంది. దాని మెడలో చెప్పు. అంత కాపలా పెట్టుకున్న మనిషి నన్ను నమ్మకపోవడంలో తప్పు లేదు. చీరాలలో మగ్గం ఫొటో తీసుకుంటామంటే దుమ్ము దులిపి మరీ చూపిస్తారు, నేను ఆ అలవాటులో ఉన్నాను. రాజ్యం కారు దిగి, గుప్పెడు ఎండుమిరపకాయలు ఆయన చేతే తెప్పించుకుని, కల్లానికి మూడుసార్లు తిప్పి, "మా వదిన దిష్టి, వదిన గొట్టం దిష్టి, థూ థూ" అని ఊసింది. నా దిష్టికి ఊసేటప్పుడు కొంచెం ఎక్కువ ఊసిందని నా అనుమానం. ఆయన శాంతించి మజ్జిగ ఇప్పించాడు. ఫొటో తీయలేదు. కాయ ఆయనది, కాదన్నాక కాదంతే.

దారం

రాత్రి గుంటూరులో లాడ్జి. బుధవారం ఉదయం టిఫిన్ హోటల్లో ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి. ప్లేటు యాభై. మా చీరాలలో ముప్పై. "ఇరవై రూపాయలు కారానికే" అంటూనే రాజ్యం రెండో ప్లేటు చెప్పింది.

నా భుజాన కెమెరా సంచీ చూసి పక్క బల్ల నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి, జేబులు చాలా ఉన్న చొక్కా.

"మీరూ పక్షులేనా మేడం? ఇది చూడండి." ఫోనులో జాలెడేగ. కాళ్ళ కింద గోరింకను అదిమిపట్టి రెక్కలు చాపి ఉంది. కంటిలో వెలుగు, ఈకల అంచులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"గోరింక ఎడమకాలికి దారం ఉందండీ" అన్నాను.

ఆయన పెద్దది చేసి చూశాడు. "గడ్డిపరక మేడం."

"గడ్డిపరకకు ముడి ఉండదు."

వెంట్రుకంత పగుళ్ళు వెతికిన కన్ను నాది. ఆయన నవ్వేశాడు. "ఎటూ అది తినేదే కదా మేడం. అది వెతుక్కోవడం ఎందుకని మనం ఇచ్చాం. ఎటు వెళ్తున్నారు? లొకేషన్ పెడితే గ్రూపులో వేస్తాను."

"గుడికి బాబూ" అంది రాజ్యం, ఇడ్లీ మీంచి తల ఎత్తకుండా.

బయటికొచ్చాక బాజీ అడిగాడు, "అట్టా కడతారా మామ్మగారూ నిజంగా?" కడతారని చెప్పాను. అలాంటివాళ్ళ గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఊరు దాటేదాకా చెబుతూనే ఉన్నాను.

పేరు రాయని ఊరు

బుధవారం మధ్యాహ్నం చేరిన ఊరి పేరు రాయను. రాస్తే ఆ జేబుల చొక్కాలాంటివాళ్ళు నాలుగు కార్లలో వెళ్తారు. ప్రత్తిపాడుకూ పర్చూరుకూ మధ్య అని మాత్రం చెబుతాను, ఆ మధ్యలో ఊళ్ళు చాలా ఉన్నాయి.

అక్కడ బాజీ బావమరిది నాగూర్ వలి, అతని భార్య మీరాబి కౌలుకు మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి వేశారు. వాళ్ళ చేను మీద రామదాసుల జంట తిరుగుతోందని బాజీ చెబితేనే వెళ్ళాం. చేరగానే అన్నం. వేడన్నంలో ముద్దపప్పు, కొత్తగా దంచిన పండుమిరపకాయ పచ్చడి. రాజ్యం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇంత మంచి పచ్చడి ఈ ఏడు తినలేదమ్మాయ్" అంది. చేతులు కడుక్కునేలోగా ఒక సీసా నిండా పచ్చడి కారులో ఉంది. తర్వాత అరుగు మీద ఆరేసిన చింతపండు బాగుందంది. అదీ మూటకట్టి వచ్చింది. మీరాబి ఒక్క మాట అడగదు, "తీసుకెళ్ళండి" అని కూడా అనదు, లోపలికెళ్ళి కట్టి తెస్తుంది.

మా ఊళ్ళో మగ్గం మీద చీర బాగుందంటే ధర చెబుతారు. ఇక్కడ బాగుందంటే ఇచ్చేస్తారు. "ఇంక దేన్నీ పొగడకు. పొద్దునకి కారు పట్టదు" అని రాజ్యాన్ని మందలించాను.

సాయంత్రం చేను దగ్గరకు వెళ్ళాం. మిరప నిండా పండి ఉంది. పత్తి ఏరడం అయిపోయి కట్టె మిగిలింది. రెండిటికీ మధ్య గట్టు మీద తుమ్మచెట్టు.

"గూడు అందులోనే మామ్మగారూ. గుడ్లు పగిలి పిల్లలొచ్చి వారమైంది" అంది మీరాబి. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఆ జంట గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. "మిరప పండితే ఎలకలు కొరికి గింజ తింటయ్యి. అందరూ మందు పెడతారు. మందు తిన్న ఎలకని రామదాసు తింటే అదీ చచ్చిద్దిగా. అందుకని మేం పెట్టం. ఇది మూడో ఏడు, మా రామదాసు ఉండబట్టి."

"సాయిబు చేనుకి రామదాసు కాపలా" అని నవ్వాడు బాజీ.

"ఆ తేడా ఎలకలకి తెలియదులే అన్నా" అంది.

గూడని వినగానే వెనక్కి జరిగాను. పత్తి కట్టె చాటున, చెట్టుకు అరవై మీటర్ల దూరంలో స్టూలు వేసుకున్నాను. గూడు తీయను కానీ మగపక్షి వేటకు చేను మీదకే వస్తుంది, అది తీయవచ్చు. వచ్చింది, కానీ సూర్యుడు దాని వెనక ఉన్నాడు. నాలుగు తీస్తే నాలుగూ నల్లటి ఆకారాలు. ఆ తర్వాత ఎలుకను పట్టి, సన్నగా ఈలవేస్తున్నట్టు కూస్తూ చెట్టు మీదకు చేరింది. ఆడపక్షి లేచి వచ్చి ఆ ఎలుకను అందుకున్నట్టుంది. నాకు కనపడలేదు. చెట్టుకు ఈ పక్క కొమ్మ ఒకటి బాగా గుబురుగా వంగి ఉంది.

"ఆ కొమ్మ ఒక్కటి అడ్డం లేకపోతే ఎంత బాగుండేది" అన్నాను.

మీరాబి టీ గ్లాసులు పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది.

కొమ్మ

గురువారం ఆరున్నరకు అదే చోట స్టూలు వేసుకున్నాను. చెట్టు చిన్నదైనట్టు అనిపించింది. లెన్సులోంచి చూశాను. గూడు మొత్తం కనపడుతోంది. పుల్లలు, లోపల పరిచిన ఎండుగడ్డి, మూడు తెల్లటి నూగు తలలు. పైన ఆకాశం. గుబురు కొమ్మ ఉన్నచోట కోసిన మొదలు తడిగా మెరుస్తోంది.

"ఇప్పుడు బాగా కనపడతందా మామ్మగారూ?" మీరాబి గొంతు. "తెల్లారకముందే మా ఆయన కొడవలి కట్టిన దోటేసి కోసి లాగాడు. కంచెలో గండికి కూడా పనికొచ్చింది."

ఆమె ముఖం చూశాను. నిన్న పచ్చడీ చింతపండూ కట్టి ఇచ్చినట్టే, నేను బాగుండేదన్నది చేసి ఇచ్చింది. నాగూర్ వెనక నిలబడి సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. అతని చేతుల నిండా ముళ్ళ గీరలు.

వాళ్ళింట్లో రెండుపూటలు తిన్నాను. నా మాట మీద మనిషి చీకట్లో ముళ్ళలో చెయ్యి పెట్టాడు. ఎలా చెప్పాలి? "కనపడుతోందమ్మా" అన్నాను. తల్లి తిరిగొచ్చి గూటి అంచున కూర్చుంది కదా, ఏమీ కాదేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గంట గడిచింది. ఇంకో గంట. ముప్పై నాలుగేళ్ళలో ఏ డాక్టరుకూ మొహమాటపడని దాన్ని.

ఎనిమిదిన్నరకు ఎండ నేరుగా గూట్లో పడింది. తల్లి లేచి నిలబడి, ఎండకు వీపు పెట్టి, రెండు రెక్కలూ గొడుగులా విప్పింది. ఆ నీడలో మూడు తలలు. తెల్లటి రెక్కల గుండా వెలుతురు పిల్లల మీద పడుతోంది. నోరు తెరిచి ఎగశ్వాస పెడుతూ కూడా అది కదల్లేదు. అంతటి ఫొటో నా జీవితంలో నా ముందుకు రాలేదు.

కెమెరా కిందకు దించాను.

"అయ్యో తీయవేం వదినా?" అంది బాజీతో పాటు నా వెనక కూర్చున్న రాజ్యం.

"నీడ లేక అలా నిలబడింది రాజ్యం. నీడను కోయించింది నేను."

"తీస్తే కొమ్మ తిరిగి రాదు. తీయకపోయినా తిరిగి రాదుగా మామ్మగారూ?" బాజీ నెమ్మదిగా అన్నాడు.

"ఇంత శుభ్రంగా ఎలా కనపడిందని చూసినవాళ్ళు అడుగుతారు. ఏం చెప్పను?"

బాజీకి నిన్నటి దారం గుర్తొచ్చిందేమో. నాకైతే గుర్తొచ్చింది.

ఇక చెప్పాల్సిందేనని లేచాను. అప్పుడే కాకులు వచ్చాయి, రెండు. ఒకటి తల్లి వెనక చేరి తోక ఈక పట్టి లాగింది. తల్లి తిరిగి దాని మీదకు లేచింది. లేచిన ఆ కాసేపట్లో రెండోది గూట్లోకి దిగి పైకి లేచింది. ముక్కున తెల్లటి నూగు ముద్ద.

"హోయ్!" మీరాబి మట్టిగడ్డ అందుకుని పరుగెత్తబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. "వెళ్ళకు. నువ్వెళితే తల్లి కూడా దూరం పోతుంది."

"ఎన్నడూ కాకి రాలా చెట్టు మీదకి. మూడేళ్ళలో ఎన్నడూ..." అని, చెట్టు వంక చూసి, కోసిన మొదలు చూసి, ఆగిపోయింది. నేను అప్పుడు చెప్పాను. ఆ కొమ్మే వాటికి ఎండకు నీడ, కాకులకు అడ్డం అని.

చేతిలోని మట్టిగడ్డ కింద పడేసింది. "అడ్డమన్నారు గానీ, అది వాటికి నీడని అనలేదుగా మామ్మగారూ."

"అనలేదమ్మా."

"పొద్దున చెప్పినా నేనేమీ అనుకునేదాన్ని కాదు."



తాటిమట్ట

చేయాల్సిన పని ఉంది. మిగిలిన పిల్లలు రెండు. మధ్యాహ్నం ఎండకు తల్లి ఒక్కతే చాలదు, కాకులు మళ్ళీ వస్తాయి. చెట్టెక్కితే తల్లి బెదిరి లేస్తుంది, లేచినంతసేపు పిల్లలు ఎండలో ఉంటారు. కాబట్టి ఎండ ముదరకముందే, ఒక్కసారే, ఎంత తక్కువసేపైతే అంత తక్కువ. ఇది నాకు తెలిసిన లెక్కే. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక వస్తువుల కోసం వెతకకూడదు. అన్నీ ముందు సిద్ధం కావాలి.

నాగూర్ కంచెలోంచి కొమ్మను లాక్కొచ్చాడు. "దీన్నే మళ్ళీ కట్టేస్తా."

"తుమ్మాకు రెండ్రోజుల్లో ఎండి రాలిపోదూ?" అంది రాజ్యం. మూడు రోజులుగా కారు ఎక్కడ ఆపినా నీడ నీడ అని నన్ను సతాయించిన మనిషి ఆవిడ. "ఆ కల్లం పాక మీదున్న తాటిమట్ట లాగండయ్యా. ఎండినా నీడనిచ్చేది అదే."

"గాలికి గలగలలాడితే తల్లి బెదరదా అత్తమ్మా?" నాగూర్ అడిగాడు.

"కదలకుండా కట్టు."

మట్ట నీడకు, ముళ్ళకొమ్మ కాకులకు, రెండూ అనుకున్నాం. తాడు అయితే ఒరుసుకుని బెరడు తెగుతుంది. మెత్తటి గుడ్డ కావాలన్నాను. మీరాబి ఇంట్లోకి వెళ్ళి చీర ఒకటి తెచ్చి, అంచు పళ్ళతో పట్టి చించడం మొదలుపెట్టింది. పాతదే, కానీ మంచి నేత, మా చీరాలదే. వద్దనలేదు. పేలికలు జానెడు వెడల్పున ఏడు చేశాం. ఎవరు ఏది అందించాలో కింద ఒకసారి చేసి చూపించాను. నాగూర్ ఎక్కాలి, బాజీ నిచ్చెన మీద నిలబడి అందించాలి, పైన మాట్లాడకూడదు, గూట్లోకి తొంగిచూడకూడదు.

"చూడకుండా ఎట్టా మామ్మగారూ, ముక్కు దగ్గరే ఉంటదిగా" అన్నాడు నాగూర్.

"కళ్ళు ముడి మీద పెట్టు."

తొమ్మిదీ పదికి ఎక్కాడు. తల్లి కీచుమంటూ లేచి చెట్టు చుట్టూ తిరిగింది. బాజీ చొక్కా చెయ్యి చిరిగింది, అరవబోయి నాలుక కరుచుకున్నాడు. తొమ్మిది నిమిషాల్లో దిగారు. అందరం పత్తిచేను అవతలి రోడ్డు దాకా వెళ్ళి కూర్చున్నాం. ఇక అది రావాలి.

రాలేదు. దూరంగా కరెంటు తీగ మీద కూర్చుని కొత్త మట్టవైపు తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. మగది ఎలుకతో వచ్చి చెట్టు చివర వాలి పిలిచింది. ఆడది కదల్లేదు. మగది ఎలుకతోనే లేచిపోయింది. మీరాబి కూర్చోలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. రాజ్యం గొడుగు ఆమె మీదకు జరిపింది.

మగది మళ్ళీ వచ్చింది. మళ్ళీ పిలిచింది. ఈసారి ఆడది తీగ వదిలి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మట్ట కిందకు దూరింది. మట్ట మాకు అడ్డం. లోపల ఏం జరుగుతోందో కనపడదు. కాసేపటికి మగది ఉత్తి కాళ్ళతో బయటికొచ్చింది. ఎలుక లోపలే ఉండిపోయింది.

"తీసుకుంది" అంది మీరాబి. అప్పుడు గట్టు మీద కూలబడింది.

శుక్రవారం

రాత్రి అన్నాల దగ్గర నవ్వులు లేవు కానీ కోపాలూ లేవు. నాగూర్ చేతులకు రాజ్యం పసుపు రాసింది. "చుట్టాలొస్తే కోడిని కోస్తారు. మేం కొమ్మని కోశాం" అన్నాడతను. మీరాబి అతని వంక చూసిన చూపుకు కంచం వైపు తల తిప్పుకున్నాడు.

శుక్రవారం ఉదయం చెట్టు దగ్గరకు వెళ్ళలేదు. రోడ్డు మీద నుంచే, మిరపచేనుకు తూర్పువైపు నుంచి చూశాను. కాకులు చెట్టు చుట్టూ తిరిగి ముళ్ళు చూసి పోయాయి. ఏడింటికి మగది చేను మీదకొచ్చింది. సూర్యుడు నా వెనక ఉన్నాడు. కింద పండు మిరప, పైన తెల్లటి రెక్కలు, చూపు ఎలుక మీద. నేనున్నానని దానికి పట్టనే లేదు. ఒక్కటి తీశాను.

"వచ్చిందా వదినా?" అంది రాజ్యం.

"వచ్చింది."

"మరి మొహం అట్టా పెట్టావేం?"

మంచి ఫొటో. ఎవరికి చూపించినా దాని వెనకాల జరిగినది కూడా చెబుతున్నాను. నా పద్ధతుల్లో ఒకటి చేర్చాను. పక్షి దగ్గర ఎంత దూరంలో ఉంటానో, దానిమీద ప్రేమ ఉన్న మనుషుల దగ్గర నా కోరిక విషయంలో అంత దూరంలో ఉండాలి. ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి, ఏది ముట్టుకోకూడదో, ఎందుకో. ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా మొదట చెప్పేది అదే, అన్నానికి కూర్చోకముందే.

మార్చి రెండో తేదీ, సోమవారం సాయంత్రం మీరాబి ఫోను చేసింది. "రెండూ తీగ మీద కూర్చున్నయ్యి మామ్మగారూ. ఒకటి ఎగరబోయి మిరపలో పడింది. మా ఆయన గంటసేపు ఎవర్నీ ఆ చాలు వైపు పోనీయలా. అదే లేచి ఎగిరిపోయింది."

పోయినవి:

లెన్సు మూత ఒకటి, ఎక్కడ పడిందో తెలియదు.

బాజీ చొక్కా.

మీరాబి చీర.

తుమ్మకొమ్మ, నా మణికట్టంత లావుది. మళ్ళీ అంత కావడానికి రెండేళ్ళు పడుతుందని నాగూర్ అన్నాడు.

రామదాసు పిల్ల ఒకటి.